ఎంగిలి విస్తళ్ళ దాకా జరిగిన బంతి

ఐదువందల మంది నడుమ నిలబడి, ఒకే ఒక్క మాటతో, ఒక ఆడపిల్లను సింహం నోట్లోంచి గుంజుకొచ్చిన మనిషిని నేను. ఆ మాటకు రోడ్డు మీద కూర్చున్నవాళ్ళంతా బోరున ఏడ్చారు. బందోబస్తుకు వచ్చిన పోలీసాయన టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పక్క చెలకలో ఒక ఎద్దు నెమరు ఆపి నా వైపు చూసింది.

ఎద్దు సంగతి మీరు నమ్మనక్కర్లేదు. దాన్ని నిరుడే కలిపాను.

మా చర్చిలో ఏటేటా వార్షికోత్సవం నాడు సాక్ష్యాలు చెప్పే అలవాటు ఉంది. దేవుడు మన బతుకులో చేసిన మేలు ఏమిటో నలుగురిలో నిలబడి చెప్పాలి. చెప్పగా చెప్పగా ప్రతి సాక్ష్యమూ కొంత బలుస్తుంది. ఒకామెకు మొదటి ఏడు జలుబు తగ్గింది. రెండేళ్ళకు అది నిమోనియా అయింది. మొన్నటికి మొన్న ఆమె చచ్చి బతికింది. ఎవరూ అడ్డం మాట్లాడరు. ఎందుకంటే తరువాత లేచి నిలబడేది తామే. నా సాక్ష్యం కూడా అట్లాగే మంచి మేత తిని పెరిగింది. కాని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద అబద్ధం చెబితే అది మనకంటే ఎక్కువ కాలం బతుకుతుందని భయం. అందుకని పోను పోను కొంచెం కొంచెం కోసుకుంటూ వస్తాను. ఐదువందల మంది అన్నాను కదా, రెండువందలు చేసుకోండి. మా ఊరి జనాభాకు అదే ఎక్కువ.

మా ఊరు కొడకండ్లకూ తొర్రూరుకూ నడుమ ఉంటుంది. ఇప్పుడు మా ఇల్లు జనగామ జిల్లాలో ఉంది, మా చెలక మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పొద్దున ఒక జిల్లాలో ముఖం కడుక్కొని ఇంకో జిల్లాలో పత్తి ఏరుతాను. నేను చెప్పే రోజుల్లో ఈ ముక్కలు లేవు, అంతా వరంగల్లే. రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మెకు దిగిన కాలం. బస్సులు లేవు, బళ్ళు లేవు, ఆఫీసులు లేవు. ఊళ్ళో పనిచేస్తున్నవి రెండే, మైకు ఒకటి, నా డప్పు ఒకటి.

డప్పు మా తాతల నాటిది. మేము సంఘంలో చేరినప్పుడు, దేవుని మందిరంలోకి అది పనికిరాదని అటకెక్కించారు. చాలా ఏళ్ళు అక్కడే ఉంది. ఉద్యమం వచ్చి దాన్ని కిందికి దించింది. ఊరంతా నన్ను పిలిచి మరీ కొట్టించుకోవడం మొదలయ్యేసరికి, చర్చిలో కూడా దానికి ఒక మూల జాగా దొరికింది. కుడిచేతిలో సిర్ర అనే పొట్టి కట్టె, ఎడమచేతిలో చిటికెన పుల్ల పట్టుకొని నేను కూర్చుంటే, నాకు నేనే ముఖ్యమంత్రిలా కనపడేవాణ్ణి. సంఘానికి పెద్దను కూడా నేనే. పెద్దరికానికి నాకున్న అర్హత గొంతు.

మా పాస్టరుగారిది గుంటూరు వైపు. మేనమామ చనిపోతే దినాలకు పోయి, సమ్మెతో బండ్లు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇక్కడ పాస్టరమ్మ ఒక్కతే సంఘాన్ని నడిపేది. మంచి మనిషే. ఒక్కటే జబ్బు, మాట దిద్దడం. సండే స్కూల్లో మా పిల్లలు ఏదైనా చెబుతూ ‘పోయినం’ అంటే, ‘వెళ్ళాం’ అనాలమ్మా అని దిద్దేది. మా ఇంటామెకు అది కడుపులో పెట్టుకున్న కోపం. పాస్టరమ్మ వినేటట్టు కావాలని ‘పోయినం, వచ్చినం, తిన్నం’ అని దండలు గుచ్చేది. ఇద్దరూ ఒకే చాప మీద మోకరించి ఒకే దేవునికి మొక్కేవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు.

సమ్మెకు ముందు పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. ఇళ్ళల్లో దెబ్బలు తినే పిల్లల గురించి, తిండి పెట్టకుండా వదిలేసిన పిల్లల గురించి ఎంతోసేపు చెప్పి, మమ్మల్నందరినీ ఏడిపించి, గోడకు ఒక పిల్లవాడి బొమ్మ అంటించి పోయాడు. ఆ పిల్లవాడు ఏ దేశం వాడో మాకు తెలియదు. అటువంటి పిల్లల కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. ప్రార్థన చేయించే పని నాది. నేను చిన్నచిన్నగా చేసే మనిషిని కాను. ఆఫ్రికాతో మొదలుపెట్టి, ఒక్కొక్క దేశంలోని దిక్కులేని పిల్లల్నీ పేరుపేరునా దేవునికి అప్పజెప్పుకుంటూ, పొద్దు వాలేసరికి బంగ్లాదేశ్ దగ్గరికి చేరేవాణ్ణి. మా మండలం దాకా ఎన్నడూ రాలేదు. అప్పటికే ఉపవాసం విడిచే వేళ అయ్యేది. ఉప్మా చల్లారిపోతుందని ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు.

ఆ ఉప్మా వేళకు కాదు, అందరికంటే ముందే వచ్చి, తలుపు దగ్గరి చాప మీద కూర్చునే పిల్ల ఒకతి ఉండేది. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. జుట్టు అట్టలు కట్టి ఉండేది. మా సంఘం పిల్ల కాదు. పాట రాదు, వాక్యం రాదు. ఊరికే కూర్చొని చివరిదాకా కదలకుండా ఉండేది. ఒక్క శుక్రవారం తప్పలేదు. మా సంఘంలో ఆ పిల్ల భక్తి గురించి పెద్ద చర్చే జరిగింది. నేనైతే ఆమెను చూపించి మా పిల్లలకు బుద్ధి చెప్పాను. మీరు బాప్తిస్మం పొందిన విశ్వాసులు, పొద్దున్నే బువ్వ తిని వస్తారు, ఆ పిల్లను చూడండి, ఎవరూ చెప్పకుండానే ఉపవాసం పట్టింది అన్నాను.

ఒక శుక్రవారం నేను సముద్రంలోని దీవుల కోసం ప్రార్థిస్తున్నాను. ఆ పిల్ల కూర్చున్నదల్లా మెల్లగా పక్కకు ఒరిగి చాప మీద పడిపోయింది. ఎవరో ‘ఆత్మ దిగింది’ అన్నారు. ఇక చూడాలి మా సంబరం. మా సంఘం మీద ఆత్మ దిగక చాలా కాలమైంది, అందులోనూ బయటి పిల్ల మీద. అందరూ చేతులెత్తారు. నేను సిర్ర అందుకొని, నాకు తెలిసిన వాటిలో అన్నిటికంటే వేగమైన దరువు ఎత్తుకున్నాను.

పాస్టరమ్మ మనుషుల్ని తోసుకుంటూ వచ్చి ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది.

“భక్తి కాదు పెద్దాయనా, ఆకలి. పెదాలు చూడండి ఎలా ఎండిపోయాయో. ముందు ఆ డప్పు ఆపండి.”

ఆపాను. మొదలుపెట్టిన దరువు సగంలో విడవకూడదు కాబట్టి, అది పూర్తయ్యాక ఆపాను.

గంజి తాగించాక పిల్ల కళ్ళు తెరిచింది. పాస్టరమ్మ కాళ్ళు తుడుస్తుంటే కనపడింది, కుడికాలి మడమ పైన చుట్టూతా నల్లగా కమిలిన చార. మేకల కాళ్ళకు ఉండే గుర్తు అది. ఏమిటమ్మా ఇది అని అడిగితే, ఆ పిల్ల ఏమీ దాచలేదు. ఆకాశంలో మబ్బు ఉందని చెప్పినట్టు చెప్పింది.

“పనికి పోయేటప్పుడు మేకల గుంజకు కడ్తరు. శుక్రారం చిన్నమ్మ అంగడికి పోతది. గప్పుడు ముడి ఇప్పుకొని వస్త. మళ్ళ పోయి నేనే కట్టుకుంట.”

ఆ రోజు ప్రార్థన ఎవరూ ముగించలేదు. ఆ ఆమెన్ ఇంకా బాకీ ఉంది. గోడ మీద బొమ్మలోని పిల్లవాడు మమ్మల్నే చూస్తున్నట్టు ఉంటే, నేను వెళ్ళి కిటికీ తెరిచినట్టు నటించాను.

ఆ పిల్ల సంగతి మాకు తెలియదా అంటే, తెలుసు. ఊళ్ళో తెలియనిదేముంది? తల్లి చనిపోయింది. తండ్రి సూరత్‌కు మగ్గాల పనికి పోయి మళ్ళీ జాడ లేడు. చిన్నాయన ఇంట్లో ఉంటుంది. ఆ చిన్నాయన రాక్షసుడని చెబితే నా సాక్ష్యానికి బాగుంటుంది, కాని ఊరందరికీ కావలసిన మనిషి. చావు జరిగితే పాడె కట్టడానికి ముందుంటాడు. పాట అందుకుంటే ఆడవాళ్ళు పొయ్యి మీది కూర మరిచిపోతారు. ఉద్యమం మొదలయ్యాక మైకు ఆయనకు పెళ్ళాం కంటే ఎక్కువైంది. అంత మంచివాడి ఇంట్లో మేకల గుంజ దగ్గర ఏం జరుగుతుందో చూడడానికి ఎవరికి మనసొప్పుతుంది? చూపు పక్కకు తిప్పుకోవడం మాకు అలవాటైంది.

పాస్టరమ్మ పిల్లను తన ఇంటికి తీసుకుపోయింది. రెండో రోజున అసలు సంగతి తెలిసింది. బస్సులు తిరగడం మొదలవగానే పిల్లను పట్నంలో ఎవరో తెలిసినవాళ్ళ ఇంట్లో పనికి పంపడానికి చిన్నాయన మాట ఇచ్చి ఉన్నాడు. తీసుకుపోయే మనిషి కూడా కుదిరాడు. అట్లా పోయిన పిల్లలు మా వైపు కొందరున్నారు. పండుగకు కూడా తిరిగి రారు, ఎక్కడున్నారో అడిగేవాళ్ళు ఉండరు. అంటే సమ్మె ఎన్ని రోజులు నడిస్తే పిల్ల అన్ని రోజులు మా దగ్గర ఉంటుంది. రాష్ట్రం తొందరగా రావాలని ఊరంతా కోరుకుంటుంటే, పాస్టరమ్మ ఒక్కతే సమ్మె ఆగకూడదని కోరుకుంది. అప్పట్లో మా మండలంలో ఆమెను మించిన ఉద్యమకారిణి లేదు.

నన్ను వెంటబెట్టుకొని ఆమె నా మోపెడు మీద తొర్రూరు పోయింది. దగ్గరి ఠాణాలో ఒకే ఒక్కడున్నాడు. అందరూ బందోబస్తుకు పోయారని, లోపలి గది తాళంచెవి కూడా వాళ్ళే పట్టుకుపోయారని చెప్పాడు. సర్కారు ఉద్యోగుల సమ్మె టెంటుకు పోయాం. అక్కడ చాప మీద కూర్చున్న ఒక గుమాస్తా ఎంతో మర్యాదగా విన్నాడు. ఇటువంటి పిల్లల సంగతి చూసే కమిటీ వరంగల్‌లో ఉంటుందన్నాడు. మరి వాళ్ళ దగ్గరికి పోతామంటే, “వాళ్ళు గూడ గిసొంటి టెంటు కిందనే ఉంటరమ్మా. జర ఓపిక పట్టుండ్రి. రాష్ట్రం వచ్చినంక అన్ని మంచిగైతయి” అని, మాకు చెరో గ్లాసు మజ్జిగ ఇప్పించాడు.

చిన్నాయన మొదట మర్యాదగానే వచ్చాడు. పాస్టరమ్మ గేటు తీయలేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. పెద్దాయినా, మనం మనం ఒకటి, గా ఆంధ్రామెకు చెప్పి పిల్లను తోలియ్యి అన్నాడు. చూస్తానన్నాను. దేవుని ముందు అంత పెద్దగా మోగే నా గొంతు, మనిషి ముందర అంతకు మించి రాలేదు.

ఆ రోజుల్లోనే పాస్టరమ్మ మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి ఒక మాట చెప్పింది. పిల్ల ఎంత పిలిచినా తనతో కూర్చొని తినడం లేదట. తాను కంచం ముందు కూర్చోగానే లేచి పోయి, అంట్లు తోమే చోట గోడవైపు తిరిగి కూర్చుంటుందట. పాస్టరమ్మ తిన్నాక మిగిలింది పెట్టమంటుందట. నేను ప్రార్థన చేద్దామన్నాను. మా ఇంటామె పొయ్యి ఊదుతూ వింటున్నది. ఆ ఊదడం చాలాసేపు ఊదింది. పొయ్యి అప్పటికే బాగా మండుతోంది.

ఇక వంటావార్పు సంగతి. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే బంతి కూర్చొని తినడం. బండ్లు ఆగిపోవాలి, సర్కారుకు కోపం రావాలి, మన కడుపు నిండాలి. ఇంత రుచిగల పోరాటం ఇంకోటి లేదు. మా ఊరి బస్సు స్టేజి దగ్గర పెట్టిన రోజు, పెళ్ళిళ్ళలో కూడా కలిసి కూర్చోని కులాలు ఒకే బంతిలో మోకాళ్ళు తగిలేటట్టు కూర్చున్నాయి. వంట చేసింది మా ఊరి సాయిబు. ఆయన దాల్చా వాసనకు అటు పక్క ఆగిన లారీల డ్రైవర్లు కూడా ప్రత్యేక రాష్ట్రానికి మద్దతు ప్రకటించారు.

ట్రాక్టరు ట్రాలీ మీద చిన్నాయన మైకు పట్టుకొని నిలబడ్డాడు. పక్కన నేను. సాయిబు పొయ్యి దగ్గర డప్పును బాగా కాచుకొచ్చాను, తాకితే మోగేటట్టుంది. మా ఇద్దరికీ చాలా సభల నుంచి కుదిరిన పద్ధతి ఒకటుంది. ఆయన ఒక మాట పూర్తి చేసి ఊపిరి తీసుకునే సందులో నేను దరువు వేయాలి.

“మన నీళ్ళు ఎత్కపోయిండ్రు.”

దరువు.

“మన కొలువులు ఎత్కపోయిండ్రు.”

దరువు.

“ఇప్పుడు మన ఊర్లకే వచ్చి, నా అన్న బిడ్డను, మన తెలంగాణ పిల్లను, ఆంధ్రామె ఎత్కపోయి ఇంట్ల దాచుకున్నది.”

ఇక్కడ, సాక్ష్యంలో, నేను ట్రాక్టరు మీద నుంచి కిందికి దూకుతాను. దూకి మైకు గుంజుకొని ఒకే ఒక్క మాట అడుగుతాను. ‘మనకు సవతి ప్రేమ జరిగిందని రోడ్డు మీద కూర్చున్న మనం, మన ఇంట్ల పిల్లకు ఏ ప్రేమ పెట్టినం?’ అని. చాలా మంచి మాట. వినే ప్రతిసారీ నాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాట నాకు దొరికింది నాలుగేళ్ళ తరువాత, పత్తికి మందు కొడుతుండగా.

నిజానికి ఆ రోజు నేను చేసింది ఏమిటంటే, ఆయన ఊపిరి తీసుకున్నాడు, నేను దరువు వేశాను. ఆ పూటకల్లా గట్టి దరువు అదే. చేతులకు అలవాటైపోయింది, చెవులతో వాటికి పని లేదు. జనం ఒక్కసారి హోరెత్తారు. తీసుకొద్దాం పదండని కొందరు పడుచువాళ్ళు లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు. పాస్టరమ్మ ఇల్లు అక్కడికి కూతవేటు. ఆ ఇంట్లో ఆమె, ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. అది తెలిసి కూడా నా చేతులు ఆగలేదు.

వాళ్ళు పోనవసరం లేకపోయింది. పాస్టరమ్మే వచ్చింది. పిల్లకు తల దువ్వి, నూనె రాసి, చేయి పట్టుకొని, ఆగిన లారీల నడుమ నుంచి నడుచుకుంటూ వచ్చి బంతి మొదట్లో నిలబడింది.

“పిల్ల కోసం ఎవరూ రానక్కర్లేదండీ. మేమే వచ్చాం, భోజనానికి.”

ఎవడో వెనక నుంచి ‘భోజనానికండీ’ అని ఎక్కిరించాడు. కొందరు నవ్వారు. ఆ రోజు పెద్దరికం చేస్తున్నది సమ్మెలో ఉన్న ఒక బడిపంతులు. అన్నానికి వచ్చిన మనిషిని పొమ్మనే ధైర్యం ఆయనకు లేదు. కూర్చోండమ్మా అన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. మోదుగాకు విస్తళ్ళు వేశారు.

చిన్నాయన తెలివైనవాడు. మైకు పక్కన పెట్టి, దిగి, అన్నం బకెట్టు అందుకున్నాడు. నా బిడ్డకు నేనే వడ్డిస్త అన్నాడు. జనం మెచ్చుకున్నారు. నేను మళ్ళీ దరువు ఎత్తుకున్నాను, వడ్డన దరువు.

ఆయన బకెట్టుతో దగ్గరికి వస్తుండగా పిల్ల చూసింది. లేచి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఆమెను తాకలేదు. ముందున్న ఖాళీ విస్తరి తీసుకొని, పాస్టరమ్మ చేయి మెల్లగా విడిపించుకొని, రోడ్డు దిగింది. మోరీ కాలువ పక్కన మొదటి బంతివాళ్ళు తిన్న ఎంగిలి విస్తళ్ళు కుప్పగా పడేసి ఉన్నాయి. కుక్కలు నాకుతున్నాయి. అక్కడికి పోయి, మాకు వీపు పెట్టి, విస్తరి ఒళ్ళో పెట్టుకొని గొంతుక్కూర్చుంది. భయంతో కాదు, ఏడుపుతో కాదు. బడిలో ఎవరి జాగాలో వాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది.

అప్పుడు డప్పు ఆగిపోయింది.

అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. గుండిగ మీద మూత కుదురుకున్న చప్పుడు వినిపించింది. అన్నం బకెట్టుతో నడుమ నిలబడ్డ చిన్నాయన, ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని కాబోలు, నవ్వుతూ అన్నాడు.

“దానికి గట్ల అలవాటు. ఇంట్ల గూడ అందరం తిన్నంకనే...”

మాట అక్కడ ఆగింది. తానేం చెప్పాడో ఆయనకే వినపడింది. మైకు లేకుండా ఆయన మాట్లాడితే ఊరంతా విన్నది ఆ ఒక్కసారే.

అప్పటికే మా ఇంటామె బంతిలో లేదు. ఒక చేతిలో నిండు విస్తరి, ఇంకో చేతిలో కట్టె పట్టుకొని మోరీ దగ్గర ఉంది. ఆ కట్టె ఎక్కడిదో నేను పట్టించుకోలేదు. కుక్కల్ని అదిలించి, పిల్ల పక్కన చతికిలబడి, తన విస్తరిలోది సగం ఆమె ఆకులోకి తోసింది. మిగిలింది తాను కలుపుకుంది.

“దాల్చా ఎవలు పోస్తరో గిటు తెచ్చి పోయుండ్రి. నేను గిక్కడనే తింట” అన్నది. తరువాత బంతి మొదట్లో ఒక్కతే కూర్చున్న పాస్టరమ్మను చూసింది. ఆమె ముఖం వైపు చూసి మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. “నువ్వు రావేందమ్మా? మా పిల్ల పక్కన కూసుంటే నీ మాట ఖరాబుగాదు.”

పాస్టరమ్మ విస్తరి పట్టుకొని వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు, అందుకని చీర కొంగు ఊరికే తడిసింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లేచారు. ఆ తరువాత ఆపడం ఎవరితరం కాలేదు. విస్తళ్ళు పట్టుకొని బంతి బంతంతా జరిగింది, రోడ్డు మీద నుంచి మోరీ వైపు, ఎంగిలి విస్తళ్ళ దాకా. తువ్వాళ్ళు దులుపుకున్న పడుచువాళ్ళు కూడా వచ్చి, ఏమీ తెలియనట్టు చివర్న కూర్చున్నారు. బంతికి మొదలు ఇప్పుడు ఆ పిల్ల. సాయిబు వచ్చి దాల్చా వడ్డించడం ఆమె దగ్గర నుంచే మొదలుపెట్టాడు.

ఇంతలో రోడ్డు ఖాళీ అయిపోయింది. ఆగిన లారీలలో మొదటివాడు పోరాటం ముగిసిందనుకొని ఇంజన్ స్టార్ట్ చేశాడు. బడిపంతులు అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి, “అన్నా, జర ఆగన్నా, ఇంకా రాస్తారోకోనే” అని బతిమిలాడాడు. రోడ్డు విడిచిపెట్టి రోడ్డు పక్కన చేసిన వంటావార్పు తెలంగాణ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

తిన్నాక బడిపంతులు అందరి ముందర చెప్పాడు. కమిటీ వాళ్ళు చూసి చెప్పేదాకా పిల్ల పాస్టరమ్మ దగ్గరే ఉంటుందని, ఎవరూ అడగడానికి పోవద్దని. చిన్నాయన బకెట్టు పొయ్యి దగ్గర పెట్టి ఇంటికి పోయాడు. ఆయన మోకరించి ఏడ్చి మారుమనసు పొందాడని సాక్ష్యంలో చెబుతుంటాను. అది కూడా కోసేయండి. ఆయన మాతో మాటలు మానేశాడు, అంతే. కాని పిల్లను అడగడానికి మళ్ళీ రాలేదు. పట్నం తీసుకుపోవడానికి కుదిరిన మనిషి కూడా ఎందుకో మా ఊరి దారి మరిచిపోయాడు.

సమ్మె ఆగి బస్సులు నడిచిన మొదటి వారంలోనే పాస్టరమ్మ, మా ఇంటామె పిల్లను నడుమ కూర్చోబెట్టుకొని వరంగల్ పోయారు. కమిటీ ముందు మా ఇంటామె చెప్పిన మాటలు పాస్టరమ్మ ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతుంది. ఒక్కటి కూడా దిద్దలేదట. పిల్లను ఏం కావాలని అడిగితే, బడి కావాలని చెప్పిందట. జనగామలో సిస్టర్లు నడిపే హాస్టల్లో చేర్చారు. సెలవులకు మా దగ్గరికి వచ్చేది. ఒక సెలవు పాస్టరమ్మ ఇంట్లో, ఒక సెలవు మా ఇంట్లో. అందరితో కూర్చొని తినడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అంతవరకు మా ఇంటామె కూడా ఆమెతోపాటు అంట్లు తోమే బండ దగ్గరే కంచం పెట్టుకునేది. నేను ఒక్కణ్ణే లోపల, పెద్దమనిషిలాగా.

మా శుక్రవారం ప్రార్థన ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కటే మార్పు. ఇప్పుడు మా వాడతో మొదలుపెడతాం. మోకరించే ముందు ఇద్దరు ముగ్గురు లేచి, ఏ ఇంట్లో ఏ పిల్ల ఎట్లా ఉందో చూసి వస్తారు. ఆఫ్రికాకు పొద్దు మిగిలితే పోతాం. అక్కడి వాళ్ళు కూడా ఇంతే చేస్తుంటారని, వాళ్ళ ప్రార్థన మా దాకా రాకముందే ఉప్మా చల్లారుతుంటుందని నా నమ్మకం.

ఆ పిల్ల ఇప్పుడు భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు. పెళ్ళయింది, ఒక బిడ్డ. మొన్న వార్షికోత్సవానికి బిడ్డనెత్తుకొని వచ్చి ఆడవాళ్ళ వరుసలో, మా ఇంటామెకు పాస్టరమ్మకు నడుమ కూర్చుంది. ఆమె కళ్ళముందే అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని ఈసారి సాక్ష్యంలో అన్నీ కోసేశాను. సింహం లేదు, ఐదువందల మంది లేరు, ట్రాక్టరు దూకలేదు, ఆ మంచి మాట అనలేదు, ఎద్దును కూడా విడిచిపెట్టాను. నేను ఏమీ చేయలేదు సహోదరులారా అన్నాను. దేవుడు నాతో చేయించింది ఒక్కటే, చాలా చిన్నది. ఆ పిల్ల ఎంగిలి విస్తళ్ళ దగ్గర కూర్చోగానే నేను డప్పు ఆపాను. ఆ నిశ్శబ్దంలోనే మా ఊరు కళ్ళు తెరిచింది అన్నాను. అనడమూ బాగా అన్నాను. గొంతు సరైన చోట వణికింది. సంఘమంతా మెత్తబడి స్తోత్రమన్నది.

ఆమె బిడ్డను మా ఇంటామె ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది.

“ఆపుడేంది తాతా? నేను పోయి కూసున్నంక గూడ నువ్వు కొడుతనే ఉంటివి. అవ్వ వచ్చి నీ చేతులకెల్లి సిర్ర గుంజుకపోయి, నా ఇస్తార్ల మూతి పెట్టిన కుక్కను కొట్టింది. గందుకు ఆగింది నీ డప్పు.”